పండుగ నెల – పసివారి బడి



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మన తెలుగునాట ఇంటి ముంగిళ్లకు క్రొత్త కళ వచ్చును. వేకువజామున కళ్లాపి, ముగ్గు, గొబ్బెమ్మ, దానిపై గుమ్మడిపువ్వు. దేవాలయమున తిరుప్పావై పఠనము, వేడి పొంగలి ప్రసాదము. వీధిలో హరిదాసు, గంగిరెద్దు. డిసెంబరు 16వ తేదీ ప్రాంతమున మొదలగు ఈ నెల భోగితో ముగియును. ఆపై సంక్రాంతి, కనుమ. బడులకు సెలవులు ఇచ్చుట సామాన్యముగా జనవరి రెండవ వారమున గనుక, అంతకు ముందు మూడు వారములకు పైగా పిల్లలు ధనుర్మాసములోనే బడికి పోవుచుందురు.

ఈ మూడు వారములు నాలుగైదేండ్ల పసివారి తరగతిలో ఎట్లు గడచుచున్నవో పెద్దలు ఒక్కమారు పరికింపవలెను. సెలవుల లోపల అక్షరములు ముగింపవలెనను తొందర ఒకవైపు. ఆ తొందర నడుమ ఒక పూట, తల్లిదండ్రుల కొరకు వేదికపై సంక్రాంతి సంబరము ఒకవైపు. పండుగ రాగానే చదువు ఆగిపోవునని మనము తలచుచున్నాము. పసివాని చదువు నిజముగా మొదలగునది పండుగ పనులలోనే యని మా అభిప్రాయము. ఎట్లన్నది కొంచెము వివరింతుము.

శిశువిద్యాలయమను సంస్థ మనకు వెలుపలినుండి వచ్చినది. జర్మనీ దేశమున ఫ్రోబెల్ మహాశయుడు 1837లో పసివారి కొరకు ఒక పాఠశాల తెరచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరిడెను. ఆయన పిల్లల చేతికిచ్చినవి బంతులు, కొయ్యదిమ్మెలు. మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పెను. మాంటిస్సోరి అమ్మగారు 1939లో మద్రాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ గరపెను. ఈ ముగ్గురి పద్ధతులలో భేదములున్నను ఒక్క మాటపై ముగ్గురికిని ఏకీభావము గలదు: పసివాడు చేతులతో నేర్చును. ఈ మాట మన ముంగిలికి క్రొత్తది కాదు.

ముగ్గునే తీసికొందము. పిండిని చిటికెలో పట్టుటకు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మూడును కలియవలెను. రేపు బలపము పట్టవలసినవి ఆ మూడు వ్రేళ్లే. వదలుగా పట్టినచో పిండి ముద్దగా పడును. బిగించినచో ధార తెగును. ఎంత వదలవలెనో, ఎంత బిగింపవలెనో ఎవరును నోటితో చెప్పలేరు. నాలుగు దినములలో చేయి తనంతట తానే తెలిసికొనును. శిశువు పుట్టునప్పుడు మణికట్టులోని ఎనిమిది చిన్న యెముకలును మృదులాస్థిగానే యుండును. అవి ఒక్కొక్కటిగా గట్టిపడుట బాల్యమంతయు సాగును. అట్టి చేతికి నాలుగు గీతల పుస్తకమిచ్చి పుటలకొలది వ్రాయుమన్నచో అది అలసిపోవుట సహజము. పిండి చిటికె దానికి భారము కాదు.

ఇక లెక్క. మూడు చుక్కలు, సందు చుక్క ఒకటి వచ్చువరకు అన్నచో నడుమ మూడు, ఇరుప్రక్కల రెండేసి, ఆ వెనుక ఒక్కొక్కటి, వెరసి 9 చుక్కలు. అయిదు చుక్కలతో మొదలుపెట్టినచో 25. మూడింటిని మూడుతో, అయిదింటిని అయిదుతో హెచ్చించిన వచ్చు సంఖ్యలివియే యని ఉపాధ్యాయినికి తెలిసిన చాలును, పసివానికి చెప్పనక్కరలేదు. వానికి కావలసినది వ్రేలుతో ఒక్కొక్క చుక్కను తాకి లెక్కించుట. ఇందులో మరియొక సొగసు గలదు. చుక్క ఒకటి తప్పినచో మెలిక కలియదు. పొరపాటును పంతులమ్మ ఎత్తిచూపవలసిన పనిలేదు. ముగ్గే చెప్పును, పిల్లవాడు చెరిపి మరల పెట్టును. అవమానము లేదు, ఎఱ్ఱసిరా గుర్తు లేదు.

ముగ్గు ఆడపిల్లల పని యని మగపిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుట మాకు సమ్మతము కాదు. వ్రేళ్లు ఇద్దరికిని ఒక్కటే. ఇంకొక మాట: నేడు అంగళ్లలో ముగ్గుపిండి పేర అమ్మునది చాలవరకు రాతిపొడి. అది పసివారి కన్నులకు, ఊపిరికి మంచిది కాదు. బడిలో బియ్యపుపిండియే వాడవలెను. అప్పుడు మధ్యాహ్నమునకు చీమలు బారులు తీరి వచ్చును; ఆ బారును చూచుట మరియొక పాఠము.

హరిదాసు వచ్చినప్పుడు ఇంటిలో పసివాని చేత దోసెడు బియ్యము అక్షయపాత్రలో పోయించుట మన ఆచారము. ఇది దానగుణము కొరకని అందరును ఎరిగినదే. ఆ దోసెడే వాని మొదటి కొలత యని మాత్రము మరచుచున్నాము. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ కొలపాత్రలు అనేక గృహములలో నేడు అటకలపై నున్నవి. వానిని దింపి తోమి, ఒక గంపెడు బియ్యముతో తరగతి నడుమ నుంచినచో, పిల్లలు గంటసేపు పోయుచు, నింపుచు, ఒలుకబోయుచు నుందురు. గిద్దెతో సోలను నింపిన బాలుడు నాలుగు అను సంఖ్యను చేతితో మోసినవాడగును.

ఇక్కడ పెద్దలకు ఓర్పు కావలెను. ఒకే సోలెడు బియ్యమును పొడవైన లోటాలో పోసి, మరల వెడల్పైన పళ్లెములో పోసి, ఎందులో ఎక్కువ యని అడిగినచో నాలుగేండ్ల బాలుడు లోటాలోనే ఎక్కువ యనును. స్విట్జర్లండు దేశపు పండితుడు పియాజే దీనిని శ్రద్ధతో పరిశీలించి, పిల్లలు సుమారు ఏడేండ్ల ప్రాయమునకు గాని ఈ భ్రమనుండి పూర్తిగా బయటపడరని చెప్పెను. కావున ఆ బాలుని మందమతి యని కసరరాదు. మరల పోయుమనవలెను, అంతే. వయస్సు వచ్చినప్పుడు వానికే తెలియును.

సంక్రాంతి సూర్యుని పండుగ. సూర్యుని గూర్చి తరగతిలో ఏమి చేయుచున్నాము? పసుపుపచ్చని వృత్తము గీయించి, చుట్టును గీతలు పెట్టించుచున్నాము. అంతకన్న మేలైనది, కాణీ వ్యయము లేనిది యొకటి గలదు. బడి ఆవరణమున ఒక మీటరు కర్రను నిటారుగా నాటవలెను. డిసెంబరు 21వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము పన్నెండు దాటిన కొంతసేపటికి, నీడ అతిపొట్టిగా నున్నప్పుడు, దాని పొడవునకు ఒక దారము త్రెంచి గోడకు వ్రేలాడదీయవలెను. విజయవాడ ప్రాంతమున ఆ దారము సుమారు 84 సెంటీమీటర్లుండును. వారమునకొకటి చొప్పున సెలవుల వరకు ఇట్లు చేసి, పండుగనాటి దారమును ఇంటిలో తల్లిదండ్రుల సాయముతో పిల్లలే త్రెంచి తేవచ్చును. అది సుమారు 78 సెంటీమీటర్లుండును. అంకెలు పిల్లలకు అక్కరలేదు. దారములు పొట్టివగుట వారు కంటితో చూతురు. నీడ తగ్గుచున్నదనగా సూర్యుడు ఆకాశమున పైకి జరుగుచున్నాడని పంతులమ్మ చెప్పినప్పుడు ఉత్తరాయణమను మాట వారికి వట్టి మాటగా నుండదు.

భక్తులలో కొందరు సంక్రాంతినాడే సూర్యుడు మరలునని తలతురు. కంటికి కనబడు మరలుట డిసెంబరు 21, 22 తేదీలలోనే జరుగును. నక్షత్రముల ననుసరించి పంచాంగకర్తలు గణించు మకర సంక్రమణము నేటి కాలమున జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. సుమారు పదునేడు వందల ఏండ్లకు పూర్వము ఈ రెండును ఒక్కచోట కలిసియుండెను. ఈ సంగతి పసివారికి కాదు; వారు ఇంటికి వచ్చి దారముల గూర్చి అడిగినప్పుడు పెద్దలు తడబడకుండుటకు చెప్పుచున్నాము.

కోస్తా జిల్లాలలో అనేక గృహములందు సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టుదురు. తక్కిన ప్రాంతములందు దసరాకు. మెట్లు మూడో, అయిదో, ఏడో, బేసిగానే యుండవలెనని నియమము. తరగతిలో మూడు మెట్లు చాలును. కొండపల్లి బొమ్మ దొరికినచో ఒకటి చేతికిచ్చి, అది తెల్లపొణికి కర్రతో చేసినదనియు, అవయవములను చింతగింజల పిండితోను రంపపుపొట్టుతోను చేసిన ముద్దతో అతికింతురనియు చెప్పవచ్చును. ఏటికొప్పాక బొమ్మ అంకుడుకర్రది, పైన లక్కరంగు. దొరకనిచో మట్టితో పిల్లలే చేయుదురు. అది మరియు మంచిది.

అసలు పాఠము బొమ్మలను అమర్చుటలో నున్నది. ఉపాధ్యాయిని ఒక్క బొమ్మనైనను తన చేతితో పెట్టరాదు. దేవతలు ఏ మెట్టుపై, మనుష్యులు ఏ మెట్టుపై, జంతువులు ఏ మెట్టుపై అని పిల్లలే తర్కించుకొందురు. ఏనుగు బొమ్మను జంతువుల మెట్టుపై నుంచవలెనని ఒకడు, అది గజేంద్రుడు గనుక శ్రీమహావిష్ణువు ప్రక్కనే యుండవలెనని ఇంకొకతె. ఇద్దరును సరియే! ఎందుకట్లు పెట్టితివని అడిగి, చెప్పిన కారణమును శ్రద్ధగా వినుటకు మించిన బోధ ఆ పూట లేదు. గజేంద్రుని కథ చెప్పుటకు అంతకన్న మంచి సమయమును లేదు.

భోగికి గొబ్బిపిడకలు చేసి, నడుమ రంధ్రముంచి, ఎండబెట్టి, త్రాట గ్రుచ్చి దండ చేయుట పల్లెలలో పిల్లల పనియే. పట్టణములలో పేడ దొరకదు, దొరకినను ముట్టరు. బంకమట్టి బిళ్లలతో దండ గ్రుచ్చినను వ్రేళ్లకు ఫలము సమానమే. భోగిపండ్ల విషయమున ఒక జాగ్రత్త. రేగుపండ్లు, శనగలు, నాణెములు తలపై పోయునప్పుడు చంటిపిల్లలు వానిని గుటుక్కున నోట వేసికొందురు. రేగుగింజ గొంతున అడ్డుపడుట ప్రాణాపాయము. మరీ చిన్నవారికి పూలరేకులు చాలును. దిష్టి పోవుటకు వానికిని సమర్థత గలదు.

ఇక వేదికపై సంబరము. పసివానికి అద్దె దుస్తులు తొడిగి, ముఖమునకు రంగు పూసి, తలకు పాత్ర కట్టి, హరిదాసుగా నిలిపి, దీపముల వేడిమికి వాడు ఏడ్చుచుండగా ఛాయాచిత్రములు తీయుట మేము పలుచోట్ల చూచితిమి. వాడు ఆ పూట ఏమి నేర్చెను? కదలకుండ నిలువవలెనని నేర్చెను. దుస్తులకు రుసుము చెల్లింపలేని కూలివాని బిడ్డ ఏమి నేర్చెను? పండుగ తనది కాదని నేర్చెను. పిండి, మట్టి, బియ్యము, దారము వీనికి రుసుము లేదు గనుక ఏ బిడ్డయు వెలుపల నిలువవలసిన పనిలేదు. అన్యమతస్థుల పిల్లలును ఆ తరగతిలో నుందురు. పూజకు గృహమున్నది, దేవాలయమున్నది. పంట, ఎండ, పశుపక్ష్యాదులు అందరివి. వానితో చేయు పనికి ఏ తల్లియు అభ్యంతరము చెప్పదు.

ఆటలతో కాలము గడపినచో చదువు వెనుకబడునని తల్లిదండ్రులు భయపడుచున్నారు. ఆ భయము నిజమైనది, దానిని తేలికగా తీసివేయరాదు. పైతరగతిలో చేరునప్పుడు పసివానిని ప్రశ్నలడుగు బడులు కలవు. అట్టివారికి శ్రీమద్భాగవతమును జ్ఞప్తికి తెత్తుము. దశమ స్కంధమున బాలకృష్ణుడు మన్ను తినెను, వెన్న దొంగిలించెను, దూడలను కాచెను, చల్దులు ఆరగించెను. సాందీపని ఆశ్రమమునకు పోవుట కంసవధయు ఉపనయనమును అయిన పిదపనే. అక్కడ అరువదినాలుగు కళలను అరువదినాలుగు దినములలో అభ్యసించెనని భాగవతము చెప్పుచున్నది. స్వామి సర్వజ్ఞుడు గనుక అది ఆయనకు లీల యని యనవచ్చును. కాని వ్యాసులవారు వ్రేపల్లె ఆటపాటలకు అన్ని అధ్యాయములను, గురుకులవాసమునకు కొన్ని శ్లోకములను కేటాయించుట గమనింపదగినది.

తైత్తిరీయోపనిషత్తున భృగుమహర్షి తన తండ్రి వరుణుని ఆదేశమున తపస్సు చేసి బ్రహ్మమును మొదట అన్నముగానే తెలిసికొనెను; ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము తరువాతి మెట్లు. తండ్రి తొందరపెట్టలేదు, ప్రతిసారియు మరల తపస్సు చేయుమనెను. ఈ అయిదు కోశముల భావననే 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము మూడు మొదలు ఎనిమిదేండ్ల పిల్లల విద్యకు ఆధారములలో ఒకటిగా గైకొని, ఆ ప్రాయమున బోధన ఆటల ద్వారా సాగవలెనని నిర్దేశించినది. కాగితముపై చక్కగా నున్నది. తరగతిలో అమలగుట మాత్రము తల్లిదండ్రులు ఏమి అడుగుదురన్న దానిపై ఆధారపడియున్నది. సాయంకాలము బిడ్డ ఇంటికి రాగానే ఎన్ని పుటలు వ్రాసితివి అని అడుగు ఇంటికి, ఈ దినము ఏమి చేసితివి అని అడుగు ఇంటికి బడి వేర్వేరుగా బదులు చెప్పును.

సెలవులలో వ్రాతపని ఇచ్చుటకు బదులు కనుమనాటి పని యొకటి ఇయ్యవచ్చును. క్రొత్త వరికంకులను కుచ్చుగా అల్లి ఇంటి చూరునకో, దేవాలయ మండపమునకో వ్రేలాడదీయుట మన పూర్వుల ఆచారము. పిచ్చుకల వంతు అది. కంకులు నాలుగు పిల్లవాని చేతికిచ్చి కట్టింపవలెను. పిట్టలు ఎన్ని వచ్చినవో, ఏ వేళ వచ్చినవో వాడు చూచి వచ్చి తరగతిలో చెప్పును. పట్టణమున పిచ్చుకకు బదులు పావురమో కాకియో రావచ్చును. అదియును చెప్పనిండు.

బడి తెరచిన దినమున గోడపైనున్న దారముల ప్రక్కన పండుగనాటి దారము చేరును. అంతటితో ఆపక, రథసప్తమి నాటికి ఇంకొకటి త్రెంచినచో, అది అన్నిటికన్న పొట్టిగా నుండును. ఆనాడు చిక్కుడాకులలో పరమాన్నము పెట్టునప్పుడు, సూర్యుడు ఎంత దూరము వచ్చినాడో పిల్లలు వ్రేలు పెట్టి చూపుదురు.