కొత్త దేశంలో ఒంటరిగా దిగితే మొదటి మూడు గంటలు ఎలా ఉంటాయి?

ఈరోజు కూడా పంజాగుట్ట నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, కిటికీ మూసినా ఆ చప్పుడు ఆగదు.

పోయిన వారం ఒక అమ్మాయి నాకు రాసింది. "అక్కా, నేను అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటాను. మొదటిసారి దేశం దాటుతున్నాను. బ్యాంకాక్, నాలుగు రోజులు, ఒక్కదాన్నే. ఏం చూడాలో అన్నీ వెతికి పెట్టుకున్నా. కానీ దిగగానే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పట్లేదు. అమ్మకి భయం, నాకూ లోపల భయమే." మంచి ప్రశ్న అండి. చూడాల్సినవి చెప్పే వీడియోలు వేలల్లో ఉన్నాయి. దిగిన మొదటి మూడు గంటల గురించి చెప్పేవి తక్కువ. కానీ ఆ ఊరి మీద మన అభిప్రాయం ఏర్పడేది సరిగ్గా ఆ మూడు గంటల్లోనే. అందుకని ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

నేను చెప్పబోయేది ఒక్క ముక్కలో చెప్తాను. ఒంటరిగా దిగినప్పుడు మొదటి మూడు గంటల్లో మనకి కలిగే అభిప్రాయంలో ఊరి వాటా చాలా తక్కువ. మన నిద్ర, మన ఆకలి, మనం ఊళ్లోకి వచ్చిన దారి, మనతో మొదట మాట్లాడిన మనిషి, ఈ నాలుగే ఎక్కువ. ఈ నాలుగూ ముందే కొంత సర్దుకోవచ్చు. ఎలాగో బ్యాంకాక్‌నే ఉదాహరణగా తీసుకుని చూద్దాం. మన దగ్గర్నుంచి మొదటి విదేశీ ప్రయాణం చాలామంది అక్కడికే చేస్తున్నారు కూడా.

ముందు నిద్ర సంగతి. 2008 మార్చి దాకా మన విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి. పంజాగుట్ట, అమీర్‌పేట వాళ్లకి విమానం ఎక్కడమంటే పక్క వీధికి వెళ్లినట్టే. ఇప్పుడు శంషాబాద్ వెళ్లాలి. మెహిదీపట్నం మీదుగా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినా గంట అనుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటలు ముందుండాలి కదా. అర్ధరాత్రి దాటాక విమానమైతే సాయంత్రం నుంచే హడావుడి, రాత్రి నిద్ర ఉండదు. విమానంలో ఉండేది సుమారు మూడున్నర గంటలు. అందులో కునుకు తీసేదెంత? బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందు. అక్కడ ఉదయం ఆరు అంటే మన ఒంటికి ఇంకా నాలుగున్నర.

హోటల్ గది ఇచ్చేదేమో మామూలుగా మధ్యాహ్నం 2 గంటలకు. ఆరింటికి దిగిన మనిషి ఎనిమిది గంటలు ఎక్కడ ఉండాలి? ఇదండీ అసలు చిక్కు. గది లేదు, స్నానం లేదు, చేతిలో సూట్‌కేస్, బయట ఉక్కపోత. "ఈ ఊరు నాకు నచ్చలేదు" అనే మాట మనసులో పుట్టేది ఇక్కడే. అది నిజానికి నిద్రలేని ఒళ్లు అంటున్న మాట.

దీనికి నేను చేసేది చిన్న పని. బుక్ చేసేటప్పుడే హోటల్‌కి ఒక మెసేజ్ పెడతాను: "పొద్దున్నే వస్తాను, సామాను పెట్టుకోనిస్తారా? మొహం కడుక్కునే చోటు ఉందా?" అని. చాలా హోటళ్లు సామాను ఉంచుకుంటాయి. బస రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉండేలా చూసుకుంటాను. వంద రూపాయలు ఎక్కువైనా సరే, మొదటి రాత్రికి మాత్రం అక్కడే.

రెండోది దారి. సువర్ణభూమి విమానాశ్రయంలో దిగాక ఊళ్లోకి రెండు ముఖ్యమైన దారులు. బేస్‌మెంట్‌లో ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంటుంది. టికెట్ దూరాన్ని బట్టి 15 నుంచి 45 బాత్‌ల మధ్య. అరగంటలో ఫయా థాయ్ స్టేషన్‌కి చేరుస్తుంది, అక్కడ బీటీఎస్ అనే స్కైట్రైన్‌లోకి మారొచ్చు. లేదంటే ఒకటో లెవెల్లో టాక్సీ క్యూ. యంత్రం నుంచి చీటీ తీసుకోవాలి, చీటీ మీదున్న నంబరు దగ్గర మీ టాక్సీ ఉంటుంది. మీటర్ మీద ఎయిర్‌పోర్ట్ ఛార్జీ 50 బాత్‌లు, టోల్ మనదే. లోపల హాల్లో ఎవరైనా ఎదురొచ్చి "టాక్సీ, టాక్సీ" అంటే ఒక నమస్కారం పెట్టి ముందుకు నడవండి.

ఏ దారిలో వెళ్లినా మొదటి అరగంట మీకు కనిపించేది ఫ్లైఓవర్లు, పెద్ద పెద్ద హోర్డింగులు, ఇళ్ల వెనక వైపులు, కట్టలు కట్టలుగా వేలాడే వైర్లు. అది ఏ ఊరికైనా అంతే. శంషాబాద్ నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద వచ్చిన విదేశీయుడు చూసింది హైదరాబాద్ అని మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం కదా. చార్మినార్ చూడలేదు, ఇరానీ చాయ్ తాగలేదు, అప్పుడే ఏం తెలుసని అంటాం.

ఇంకో తమాషా చూడండి. సువర్ణభూమిలో సముద్ర మథనం శిల్పం ఉంది. వాసుకిని చుట్టి దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క లాగుతుంటారు. చూడగానే "అరె, ఇది మన కథే" అనిపిస్తుంది. కానీ అది ఉన్నది డిపార్చర్ వైపు, ఇమిగ్రేషన్ దాటాక. అంటే మనకి బాగా తెలిసినది మనం వెళ్లిపోయేటప్పుడు కనిపిస్తుంది. వచ్చేటప్పుడు కనిపించేవి క్యూలు, చదవలేని అక్షరాలు. ఈ వరస వల్లే మొదటి రోజు ఊరు పరాయిగా, ఆఖరి రోజు సొంతంగా అనిపిస్తుంది.

అక్షరాల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. జీవితంలో మొదటిసారి మనం మళ్లీ చదువు రాని వాళ్లం అయిపోతాం. బోర్డుల మీద ఇంగ్లీష్ ఉంటుంది, కానీ సందులోకి వెళ్తే అంతా థాయే. హోటల్ పేరు, చిరునామా థాయ్ లిపిలో స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో పెట్టుకోండి, కాగితం మీద కూడా ఒకటి. ఫోన్ చచ్చిపోయినా కాగితం పని చేస్తుంది. చెవికి మాత్రం కొంచెం ఊరట ఉంటుంది. ఆ ఊరిని వాళ్లు బ్యాంకాక్ అనరు, క్రుంగ్ తేప్ అంటారు. తేప్ అంటే దేవుడే, మన "దేవ" శబ్దమే. పూర్తి పేరులో "మహానకోన్" వస్తుంది, అది మన మహానగరం. రైల్లో "సథానీ" అని వినిపిస్తుంది, అది మన "స్థానం"కి చుట్టం. పలకరింపు "సవద్దీ" మన "స్వస్తి" నుంచి వచ్చింది. ఇలాంటి మాట ఒకటి చెవిన పడితే ఒంటరితనం ఒక మెట్టు దిగుతుంది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: మనతో మొదట మాట్లాడే మనిషి. అమీర్‌పేటనే తీసుకోండి. జిల్లా నుంచి కోచింగ్‌కి వచ్చిన పిల్లవాడు మైత్రీవనం దగ్గర దిగాడు. వాడితో మొదట మాట్లాడేది ఎవరు? కోర్సు పాంప్లెట్ చేతిలో పెట్టేవాడు, "హాస్టల్ కావాలా" అనేవాడు, ఆటో అన్న. అక్కడే ఇరవై ఏళ్లుగా ఉంటున్న పెద్దాయన వాడితో మాట్లాడడు, ఆయన పని మీద ఆయన వెళ్తుంటాడు. కొత్తవాళ్లతో మాట్లాడటమే బతుకుదెరువు అయినవాళ్లు మాత్రమే కొత్తవాళ్లకి ఎదురొస్తారు. వాళ్లంతా మోసగాళ్లని కాదు. కానీ వాళ్లని చూసి హైదరాబాద్ మనుషులు ఇంతే అనుకుంటే అది లెక్క తప్పు.

బ్యాంకాక్‌లోనూ అదే. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర చక్కగా బట్టలు వేసుకున్న మనిషి ఒకాయన నవ్వుతూ వస్తాడు. "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, పూజ ఉంది. ఈ టుక్‌టుక్ ఎక్కండి, వేరే గుళ్లు చూపిస్తాడు, చాలా తక్కువ డబ్బులు" అంటాడు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల దుకాణం ముందు ఆగుతుంది. ఇది ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పాత పద్ధతి. మందు సులువు: గేటు దాకా మీరే నడిచి వెళ్లి చూడండి. నా నియమం ఒకటుంది. మొదటి రోజు నా దగ్గరికి వచ్చి మాట్లాడినవాళ్లని దారి అడగను. నేనే వెళ్లి అడుగుతాను, దుకాణంలో కూర్చున్న ఆంటీనో, యూనిఫాంలో ఉన్న కాలేజీ అమ్మాయినో, స్టేషన్ సిబ్బందినో. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకి ఈ చిన్న తేడా చాలా పనికొస్తుంది.

ఇక ఆకలి. మొదటి రోజు పొద్దున ఆ వీధుల్లో బొగ్గుల మీద కాలే మాంసం వాసన, చేపల సాస్ వాసన, కాలవ వాసన కలిసి వస్తాయి. ఖాళీ కడుపుతో పీలిస్తే తిప్పుతుంది. తిన్నాక అదే వాసన మామూలైపోతుంది. శాకాహారులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు వెతకండి, చూడటానికి 17 అంకెలా ఉంటుంది. దాన్ని "జే" అంటారు. మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. అది దొరికేదాకా ఆగలేకపోతే సెవెన్ ఎలెవెన్ దుకాణం అడుగడుగునా ఉంటుంది. అరటిపండు, బ్రెడ్డు ఎక్కడికీ పోవు.

మొదటి రోజు చూసినదానికి అర్థం తర్వాత తెలుస్తుంది అనడానికి ఒక ఉదాహరణ చెప్తాను. ఉదయం 8 గంటలకు మీరు స్కైట్రైన్ స్టేషన్లో ఉన్నారనుకోండి. ఉన్నట్టుండి స్పీకర్లో పాట మొదలవుతుంది. పరిగెడుతున్న జనం అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. నిద్రలేని మనిషికి గుండె ఝల్లుమంటుంది, ఏదో ప్రమాదం అనిపిస్తుంది. ఏమీ లేదు, అది వాళ్ల జాతీయ గీతం. రోజూ ఉదయం 8కి, సాయంత్రం 6కి వినిపిస్తారు. మీరూ ఆగండి, అయిపోయాక నడవండి. అలాగే రైల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మన మెట్రోలో ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడే చప్పుడుకి అలవాటైన చెవికి "వీళ్లు ముభావం మనుషులు" అనిపిస్తుంది. రెండు రోజులు తిరిగితే అది పక్కవాళ్లకి ఇచ్చే మర్యాద అని తెలుస్తుంది.

అలాగని మొదటి అభిప్రాయం పనికిరానిది అనను. మొదటి రోజు కళ్లకి కనబడేవి నాలుగో రోజు కనబడవు, అలవాటైపోతాం. అందుకే రాసుకోమంటాను. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. ఆయనది ఒంటరి ప్రయాణం కాదు, పెద్ద పరివారంతో వెళ్లారు. అయినా ప్రతి మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, బస ఎక్కడ, అంగళ్లలో ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ వెళ్లారు. 1838లో అచ్చైన ఆ "కాశీయాత్ర చరిత్ర" ఇప్పటికీ చదువుతున్నామంటే ఆ వివరాల వల్లే. మీరూ అలాగే చేయండి. ఊరు మంచిదా చెడ్డదా అని రాయొద్దు. ఏం చూశారో, ఏం విన్నారో, ఎంత ఖర్చయిందో రాయండి. మూడో రోజు ఆ పేజీ తీసి పక్కన ఇంకో మాట రాయండి.

బయలుదేరే ముందు రెండు పనులు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌కి వెళ్లేవాళ్లు డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్లో నింపాలి, చేరడానికి ముందు మూడు రోజుల్లోపు. అది ఉచితం. డబ్బులు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం సైటులోనే చూసుకోండి.

చివరిగా అమ్మ సంగతి. దిగగానే "దిగాను, బాగున్నాను" అని ఒక్క మెసేజ్ పెట్టండి, అది తప్పనిసరి. ఫోన్ మాత్రం తిని, మొహం కడుక్కున్నాక చేయండి. ఆ టైం ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. ఎందుకంటే మనకి మూడో రోజు వస్తుంది, అభిప్రాయం మారుతుంది. అమ్మ ఆ ఊరు ఎప్పటికీ చూడకపోవచ్చు. క్యూలో నిలబడి, నిద్రలేక, ఏడుపు గొంతుతో మనం చెప్పిందే ఆమెకి బ్యాంకాక్. తర్వాత ఎన్ని ఫోటోలు పంపినా ఆ గొంతే గుర్తుంటుంది. రేపు మీ చెల్లి వెళ్తానంటే "వద్దు" అనేది కూడా ఆ గొంతు గుర్తొచ్చే. అందుకే ఆ ఒక్క గంట ఆగమంటున్నాను.

ఈ వారం మీకు ఒక పని ఇస్తున్నాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్లో రెండు లైన్లు కలుస్తాయి కదా, అక్కడ మెట్ల పక్కన సూట్‌కేస్ పట్టుకుని పైకీ కిందకీ చూసే మనిషి రోజూ ఒకరు ఉంటారు. తనకి తానుగా వచ్చి అడిగితే, ఒక నిమిషం ఆగి సరిగ్గా దారి చెప్పండి. పాంప్లెట్ ఇచ్చేవాళ్లు కాకుండా వాళ్లతో మాట్లాడిన మొదటి హైదరాబాదీ మీరే అయ్యుండొచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో ఒంటరి ప్రయాణంలో డబ్బు ఎన్ని చోట్ల, ఎలా పెట్టుకోవాలో మాట్లాడుకుందాం. అందాకా సెలవు, ఉంటానండి.