ఆ ఆయాసం వయసుది కాకపోవచ్చు!

గుండెజబ్బంటే బ్లాకులొక్కటే కాదు. పెద్ద వయసులో కవాటాలు గట్టిపడతాయి, లయ తప్పుతుంది, కండరం బిరుసెక్కుతుంది.

ఉప్పాడ జాందానీ నేయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. పోగు పోగునూ చేత్తో అందుకుంటూ బుటా ఎక్కిస్తేనే చీరకు రెండువైపులా ఒకేలా దిగుతుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన పెద్దాయన మగ్గం గుంటలోంచి లేచి, గోడ పట్టుకుని రొప్పుతుంటే ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: "డెబ్బై దాటాయి కదండీ, ఆ మాత్రం ఉండదా?" రేవులో వలలు లాగి లాగి అలసిన వాళ్ల విషయంలోనూ ఇదే సమాధానం. యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవంటే ఇక ఆ ఊసే ఎత్తరు. నయమయ్యే జబ్బు ముదిరేది అక్కడే.

ఇరుకయ్యే కవాటం

గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం వెళ్లే దారిలో బృహద్ధమని కవాటం ఉంటుంది. దాని పల్చటి రెక్కలు మూడూ రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుంటాయి. వయసుతో వాటి మీద కాల్షియం పేరుకుంటుంది. 3-4 చదరపు సెంటీమీటర్లుండే దారి ఒకటికి పడిపోతే జబ్బు తీవ్రమైనట్టే. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం మొదలయ్యాక కవాటం మార్చకపోతే చాలామందికి మిగిలేది కొద్ది ఏళ్లే. గట్టిపడిన కవాటాన్ని మందులు తెరవలేవు. అయితే 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో డాక్టర్ అలేన్ క్రిబియే ఛాతీ కోయకుండా, తొడ రక్తనాళం గుండా కొత్త కవాటం అమర్చి దారి చూపారు. ఖర్చు ఎక్కువైనా ఆ చికిత్స ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు.

లయ తప్పితే

గుండెకు కరెంటు పుట్టించే కణాలూ వయసుతో తగ్గిపోతాయి. నాడి మరీ నెమ్మదిస్తే మనిషి కుప్పకూలతాడు. దీనికి పేస్‌మేకర్ ఉంది. 1958లో స్వీడన్‌లో తొలిసారి దాన్ని శరీరంలో అమర్చుకున్న ఆర్నె లార్సన్, యంత్రాలు మార్చుకుంటూ 86 ఏళ్ల వయసు వరకు బతికారు. పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మరో రకం. అందులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ముప్పు సుమారు అయిదు రెట్లు.

చేతుల తిమ్మిరి

కాలేయంలో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ కొందరు వృద్ధుల్లో రూపం చెడి గుండె కండరంలో పేరుకుంటుంది. గుండె బిరుసెక్కుతుంది. దీనికి ఏళ్ల ముందే అదే ప్రొటీన్ వల్ల రెండు చేతుల వేళ్లూ తిమ్మిరెక్కవచ్చు. తిమ్మిరికి పని ఒత్తిడి, షుగర్, థైరాయిడ్ లాంటి కారణాలే ఎక్కువ. కానీ దానికి ఆయాసం, కాళ్ల నీరు తోడైతే, మగ్గం మీద నెపం వేసి ఊరుకోకుండా ఇవన్నీ డాక్టరుకు కలిపి చెప్పాలి.

ఏం చేయాలి?

స్టెతస్కోపుతో వింటే కవాటం మర్మర శబ్దం తెలుస్తుంది. ఈసీజీ లయను చూపిస్తుంది, ఎకో కవాటాన్ని కొలుస్తుంది. ఉప్పాడ నుంచి కాకినాడ ఇరవై కిలోమీటర్ల లోపే. అక్కడ రంగరాయ వైద్య కళాశాల అనుబంధ ప్రభుత్వాసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఏ చికిత్స వస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

పెద్దవాళ్లు ఆయాసం వస్తోందని చెప్పరు, పని తగ్గించుకుంటారు. మేడ ఎక్కడం మానేస్తారు, గుడికి వెళ్లడం మానేస్తారు. అందుకే "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే చాలదు. "నిరుడు చేసిన పనుల్లో ఇప్పుడేం మానేశావు నాన్నా?" అని అడగండి. ఆ జవాబు పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.