గుట్టు కోసం గుడ్డిగా వెళ్లొద్దు

పెళ్లయి రెండేళ్లు దాటితే చాలు, 'ఏమ్మా, ఏమైనా విశేషమా?' అని అడగని వాళ్లుండరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊరైనా ఈ ప్రశ్న కోడలికే. 'మావాడికి పరీక్ష చేయిద్దాం' అనే అత్తగార్లు తక్కువ. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి లోపమూ ఉంటుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

పుంగనూరులో నాకు తెలిసిన ఒకామె భర్తకి వీర్యకణాలే లేవని తేలింది. "ఊళ్లో తెలిస్తే ఆయన తలెత్తుకోలేరక్కా. ఫోన్లో ఒకతను దానం చేస్తాడంట, డబ్బు కూడా వద్దంట" అంది. నాకు గుండె ఝల్లుమంది. ఇంకా ఎవరినీ కలవలేదని తెలిశాకే కుదుటపడ్డాను. కానీ ఇలా ఆలోచించేది ఆమె ఒక్కతే కాదు కదా!

ఫోన్లో దొరికినవాడు రిపోర్టు పంపితే అది అతనిదేనని ఎవరికెరుక? హెచ్‌ఐవీ సోకిన తొలి రోజుల్లో పరీక్షలో తెలియకపోవచ్చు. అందుకే వీర్యాన్ని అతిశీతలంలో ఆరునెలలు నిల్వచేసి, దాతకి మళ్లీ పరీక్ష చేశాకే వాడే పద్ధతి ఉంది. చేతికి తెచ్చి ఇచ్చేవాడితో ఆ ధీమా ఏదీ? పైగా మీ గుట్టు అతని చేతిలో ఉంటుంది. రేపు బెదిరిస్తే?

మన వైపు ఇంకో చిక్కుంది. దగ్గర ఊళ్ల సంబంధాలు మనకి మామూలే. ఒకే మనిషి మదనపల్లెలో ఒకరికి, కుప్పంలో ఇంకొకరికి ఇస్తే, పాతికేళ్ల తర్వాత ఆ పిల్లలకే పెళ్లి కుదరొచ్చు! నెదర్లాండ్స్‌లో జొనాథన్ మేయర్ అనే దాత క్లినిక్కులకీ, ఇంటర్నెట్ ద్వారానూ ఇచ్చి కనీసం 550 మంది పుట్టుకకి కారణమయ్యాడు. ఇక ఇవ్వొద్దని 2023లో హేగ్ కోర్టు ఆదేశించింది.

బోర్డు చూసీ మోసపోవద్దు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం డాక్టరుని పోలీసులు అరెస్టు చేశారు. సరొగసీ బిడ్డని ఇచ్చిన పసికందు డీఎన్‌ఏ ఆ దంపతులతో కలవకపోవడంతో వ్యవహారం బయటపడింది.

మనకి 2021లో ఏఆర్‌టీ చట్టం వచ్చింది. దాని ప్రకారం రిజిస్టరైన బ్యాంకే వీర్యం సేకరించాలి. దాత వయసు 21 నుంచి 55 ఏళ్ల లోపు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి. ఒక దాత వీర్యం ఒక్క జంటకే. దాత పేరు, ఆధార్ నంబరు బ్యాంకు దగ్గరుంటాయి. పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే, దాతకి ఏ హక్కూ ఉండదు. మీ వివరాలు గోప్యంగా ఉంచడమూ వాళ్ల బాధ్యతే. అంటే మీరు కోరుకునే గుట్టు చట్టంలోనే ఉంది. ఫోన్లో మనిషిని నమ్ముకుంటే రేపు చూపించడానికి కాగితం ముక్కైనా ఉండదు.

కాబట్టి ముందు భర్తకి సరైన పరీక్ష చేయించండి. కణాలు లేవన్నంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. కొందరిలో నాళం మూసుకుపోతుంది, అలాంటప్పుడు వృషణం నుంచే కణాలు తీసి వైద్యం చేస్తారు. దాత అవసరమైతే బెంగళూరుకెళ్లినా, తిరుపతికెళ్లినా ఏఆర్‌టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. వీర్యం ఏ బ్యాంకుదో అడగండి. ఇద్దరూ చదివాకే సంతకాలు పెట్టండి. రసీదులు, కాగితాల నకళ్లు భద్రపరచుకోండి. అడిగితే విసుక్కునే చోటైతే, లేచి వచ్చేయండి.