వృద్ధుల కీళ్ల నొప్పులు – మన ఆహారం



మస్జిదుల్లో కుర్చీ వేసుకుని నమాజు చేసే పెద్దలను మనం చూస్తూనే ఉన్నాం. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేసుకోవచ్చని దీన్ వెసులుబాటు ఇచ్చింది. అయినా నేలకు నుదురు ఆనించి సజ్దా చేయలేకపోతున్నామన్న బాధ వారికి ఉంటుంది. దీనికి ఎక్కువగా కారణం మోకాళ్ల అరుగుదల. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉంది. వారిలో 60 శాతం స్త్రీలే.

వయసును ఆపలేం గాని బరువును అదుపులో ఉంచుకోవచ్చు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, నడకలో వేసే ప్రతి అడుగుకూ మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. పైగా ఒంట్లోని అధిక కొవ్వు కీళ్ల వాపును పెంచే పదార్థాలను విడుదల చేస్తుంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మిగిలినది శ్వాసకు వదలాలన్న ప్రవక్త (స.అ.స.) బోధ పాటిస్తే మోకాళ్లకూ మేలే.

కీళ్లకు మేలు చేసే ఆహారం కోసం దూరం వెళ్లనక్కరలేదు. పూడిమడకలో మత్స్యకారులు పట్టి తెచ్చే కవ్వళ్లు, కానాగడతల్లో వాపును తగ్గించే ఒమేగా-3 కొవ్వులు ఉంటాయి. వేపుడు కంటే పులుసు మంచిది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అది ఎముకలకు బలం. షుగరు ఉన్నవారు చోడి అంబలి బెల్లం లేకుండా, కొలతగా తాగాలి. రోజూ ఆకుకూర, పప్పు, కాసేపు నడక ఉండాలి.

గౌట్ సంగతి వేరు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, స్ఫటికాలుగా కీలులో చేరితే, తరచుగా కాలి బొటనవేలు రాత్రికి రాత్రే వాచిపోతుంది. ఇలాంటివారు బక్రీదు రోజుల్లో కలేజీ, గుర్దా మానాలి. మాంసం తగ్గించాలి. కూల్‌డ్రింకులు, కవ్వళ్లు కూడా వారికి మంచివి కావు.

ఆహారం మందుకు బదులు కాదు. ఉదయం లేవగానే కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం కావచ్చు. ఆలస్యం చేస్తే కీళ్లు వంకరపోతాయి. వెంటనే డాక్టరుకు చూపించాలి.

దాతలకు ఒక మనవి. రంజాన్‌లో పేద కుటుంబాలకు ఇచ్చే సరుకుల సంచిలో మైదా, పంచదార కొంత తగ్గించి, చోడిపిండి, పెసలు, శనగలు చేర్చండి. ఖర్చు పెద్దగా మారదు. ఆ సంచి అందుకునే ఇళ్లలో డాక్టరు దగ్గరకు వెళ్లే స్తోమత లేని వృద్ధులు ఉంటారు. వారికి మన సదఖా ఒక పూట ఆకలినే కాదు, రేపటి నొప్పిని కూడా కొంత తీర్చాలి.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, సజ్దా చేసే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.