తలుపు తీయాలా, వేయాలా?

యోహాను రాసిన రెండవ, మూడవ పత్రికలను వెంటవెంటనే చదివితే మనకు కాస్త తికమకగా ఉంటుంది. రెండింటిలోనూ ప్రశ్న ఒక్కటే: ఊరూరా తిరిగే బోధకుడు గుమ్మం ముందుకొచ్చి నిలబడితే ఏం చేయాలి? రెండవ పత్రికలో ఒక అమ్మగారికి రాస్తూ, యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోనివాణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దు, శుభమని కూడా చెప్పవద్దు అన్నాడు (2 యోహాను 7–11). మూడవ పత్రికలో గాయును మెచ్చుకున్నాడు, ముఖపరిచయం లేని సహోదరులను కూడా ఆదరించి సాగనంపినందుకు. దియొత్రెఫేను మాత్రం గద్దించాడు. అతడు సహోదరులను తాను చేర్చుకోడు, చేర్చుకునేవారిని సంఘంలోంచి వెలివేస్తాడు (3 యోహాను 9–10).

ప్రేమను గురించి అంతగా చెప్పిన భక్తుడు ఒకచోట తలుపు వేయమన్నాడు, మరోచోట వేసినవాణ్ణి తప్పుబట్టాడు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. దియొత్రెఫే తలుపు వేసింది సత్యం కోసం కాదు, సంఘంలో తానే ప్రధానుడిగా ఉండాలని. వివేచన అనే మాట చాటున ఇలాంటివారు దాక్కోవడం మన సంఘాలు ఎరగనిదా? పైగా వాళ్లకు ‘జాగ్రత్తపరుడు’ అని మంచి పేరు కూడా వస్తుంది!

అయితే అమ్మగారికి చేసిన హెచ్చరిక ఊరికే చేసింది కాదు. రెండవ శతాబ్దంలో లూసియన్ అనే గ్రీకు రచయిత క్రైస్తవులను ఎగతాళి చేస్తూ పెరెగ్రినస్ అనే మోసగాడి కథ రాశాడు. అతడు విశ్వాసుల్లో చేరి నాయకుడై, చెరసాల పాలయ్యాడట. తెల్లవారకముందే విధవరాండ్రు, అనాథ పిల్లలు ఆ చెరసాల దగ్గర కాచుకుని ఉండేవారట. సంఘపెద్దలు కావలివాళ్లకు లంచమిచ్చి అతనితోపాటు లోపల పడుకునేవారట. ఆసియా పట్టణాల నుంచి కూడా మనుషులు వచ్చారట, అతడికి డబ్బు బాగా ముట్టిందట. తెలివైన మోసగాడు వీళ్ల మధ్యకొస్తే త్వరలోనే ధనవంతుడవుతాడని లూసియన్ వెక్కిరింత. ఆ వెక్కిరింత చదువుతుంటే మనకు సిగ్గు, సంతోషం రెండూ కలుగుతాయి. వాళ్లను ద్వేషించినవాడే వాళ్ల ప్రేమకు సాక్ష్యం చెప్పాడు. కానీ ఆ డబ్బు ఎవరిది? చెరసాల ముందు నిలబడిన ఆ విధవరాండ్రలో ఎవరి కాసు అందులో ఉందో!

ఆదిమ సంఘం దీనికి ఒక పద్ధతి ఏర్పాటు చేసుకుంది. ‘డిడాకే’ అనే ప్రాచీన క్రైస్తవ గ్రంథం ఉంది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. అందులోని నియమాలు చాలా సూటిగా ఉంటాయి. వచ్చిన బోధకుణ్ణి ప్రభువునే చేర్చుకున్నట్టు చేర్చుకోవాలి. ఒక రోజు ఉండవచ్చు, అవసరమైతే రెండో రోజు. మూడో రోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి రొట్టె ఇవ్వాలి, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. మామూలు ప్రయాణికుడు మన ఊళ్లోనే స్థిరపడతానంటే పని చేసుకుని తినాలి. ఒప్పుకోకపోతే అతడు క్రీస్తును అమ్ముకునేవాడు.

గమనించండి, చేర్చుకోవడం ముందు, పరీక్ష తరువాత. మనం చాలాసార్లు దీన్ని తిరగేస్తాం.

అయితే ఆ గ్రంథంలోనే ఇంకో మాట ఉంది. ప్రవక్త తనకోసం కాక, లేమిలో ఉన్నవారి కోసం అడిగితే అతణ్ణి ఎవరూ తీర్పు తీర్చకూడదు. ఈ రోజుల్లో మోసం ఎక్కువగా దూరేది ఈ సందులోంచే. అనాథ పిల్లల ఫొటో, కింద అకౌంట్ నంబరు, వాట్సాప్‌లో కన్నీటి విన్నపం. పింఛను డబ్బుల్లోంచి రెండు వందలు పంపిన ముసలమ్మ తన ప్రభువుకే ఇచ్చాననుకుంటుంది. ఆమెను వెర్రిది అనడానికి మనకు నోరు రాదు, రాకూడదు కూడా. కానీ ఆమె తరఫున విచారించే బాధ్యత సంఘపెద్దలకు లేదా?

పౌలు దీన్ని అపనమ్మకంగా భావించలేదు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేసినప్పుడు, దాన్ని మోసుకెళ్లే మనుషులను కొరింథీయులనే ఎన్నుకోమన్నాడు (1 కొరింథీ. 16:3). తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి పంపుతూ, ఇంత పెద్ద ధర్మకార్యంలో తనమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్త పడుతున్నానన్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా (2 కొరింథీ. 8:18–21). అపొస్తలుడే లెక్కకు సాక్షులను పెట్టుకుంటే, లెక్క అడిగినందుకు కోపగించుకునే సేవకుణ్ణి ఏమనుకోవాలి? చెరలో ఉండి ఫిలిప్పీయుల కోసం ప్రార్థించినప్పుడు ఆయన ప్రేమ తగ్గాలని కోరలేదు, తెలివితో, అనుభవజ్ఞానంతో కలిసి ఇంకా పెరగాలని కోరాడు (ఫిలిప్పీ. 1:9).

కాబట్టి రేపు సాయంత్రం మన మందిరం గేటు దగ్గర ఒక కొత్త సేవకుడు సంచితో నిలబడితే ముందు కాళ్లకు నీళ్లిద్దాం, అన్నం పెడదాం. ప్రసంగ వేదిక, కానుకల సంచి మాత్రం ఆగాలి. అతడి ఊరి సంఘకాపరికి ఫోన్ చేసి అడగాలి, వీలైతే అతడి ఎదుటే. నిజమైన సేవకుడైతే నంబరు తానే ఇస్తాడు. ఫోన్ ఎత్తకపోతే రేపటిదాకా ఆగుదాం. అన్నం మాత్రం ఆ ఫోన్ కోసం ఆగనక్కరలేదు.