ఏడు పొరల బొంత

ఎడిటర్ గారు అడిగింది వేసవి సెలవుల కథనం. ఇంట్లో పడి ఉన్న పాతవాటితో, పెద్దగా ఖర్చు లేకుండా ఎవరైనా చేసుకోగల వస్తువులు పదీ పన్నెండు, ఒక్కొక్కదానికీ ఒక ఫొటో, పక్కనే చేసే తీరు. గురువారం సాయంత్రానికి పేజీలు మూసేస్తారు. అనంతపురం మనిషివి కదా, అక్కడినుంచే రాయి అన్నారు. జాబితా రాసుకునే బయల్దేరాను: కాగితపు బుట్ట, వైరు సంచి, కొబ్బరి చిప్ప గరిటె, సీసా మూతల తోరణం. కళ్యాణదుర్గం దారిలో ఒక ఊళ్లో, వేపచెట్టు కింద, నలుగురు ఆడవాళ్లు నాలుగు పక్కలా కూర్చుని బొంత కుడుతున్నారు. అక్కడే ఆగిపోయాను. జాబితాలోంచి కాగితపు బుట్ట ఒక్కటే బాక్సులోకి వెళ్లింది. ఈ పేజీలు బొంతవి.

నలుగురిలో పెద్దావిడ అందరికీ అవ్వే. కొడుకూ కోడలూ బెంగళూరుకు కట్టడం పనికి పోతున్నారు. ఆ బొంత వాళ్ల కోసం. పైన పరిచిన చీర ఆకుపచ్చది, అంచు ఇంకా గట్టిగానే ఉంది. ఆ చీర కింద ఏమున్నాయని అడిగితే అవ్వ ఒక మూల ఎత్తి, పొరలు ఒక్కొక్కటే వేళ్లతో విడదీసి చూపించింది.

"ఇది నాది. ఇది మా తోడికోడలిది, పోయినాదిలే. ఇది మా పాప పెండ్లికి పెట్టిన చీర, నడుమ చినిగిపాయ. ఈ తెల్లది మా ఇంటాయన పంచె. లోపల లుంగీ ముక్కలు, పిల్లోళ్ల అంగీలు. అడుక్కు మళ్లా నా చీరే."

"అన్నిటికీ అడుగున ఆ తెల్లటిదేంటవ్వా?"

"యూరియా సంచులు పాపా. ఆరు. విప్పి, ఉతికి, జోడించినాం. ఆడ సిమెంటు నేల మింద పండుకోవల్ల గదా. తేమ ఎక్కకూడదు."

సంచుల పొరను అంచుల వెంబడి మాత్రమే కుట్టారు, ఉతికే రోజు ఊడదీసుకోవడానికి వీలుగా. మిగతా ఏడు పొరల్నీ కుట్టు కలిపేస్తుంది. ఒక కుటుంబం ఇరవై ఏళ్లుగా ఏం కట్టుకుందో, ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో, ఏ శుభకార్యం జరిగిందో ఆ పొరల్లో ఉంది. జిల్లా గురించి నేను చదివిన కాగితాల్లో ఇంత వివరంగా ఒక ఇంటి సంగతి చెప్పింది ఒక్కటీ లేదు. సంచులకైతే ఏళ్లు కూడా పట్టుకోవచ్చు. వాటిలో రెండింటి మీద 50 కిలోలని ఉంది, అంటే అవి 2018కి ముందువి. ఆ ఏడాదే యూరియా బస్తాను 45 కిలోలకు తగ్గించారు. ఒకదాని మీద 'భారత్' అని పెద్ద అక్షరాలున్నాయి. కంపెనీ ఏదైనా ఎరువుల సంచికి ఒకే పేరు పెట్టాలన్న నిబంధన 2022లో వచ్చింది కాబట్టి అది ఆ తర్వాతది.

నాకు కుతూహలం ఆగక కొలతలు తీసుకున్నాను. చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు మీటరుకు కాస్త పైన. చీరను సగానికి కోసి, రెండు ముక్కలనూ పక్కపక్కన కలిపితే ఇద్దరు పెద్దవాళ్లూ ఒక బిడ్డా పట్టే వెడల్పు వస్తుంది. అలా ఒక్కో పొరకు ఒక చీరెడు గుడ్డ. ఏడు పొరలకు దగ్గర దగ్గర 38 మీటర్లు. కుట్టు వరసల మధ్య దూరం ఒక అంగుళం. వరసలన్నీ సాగదీసి కలిపితే 250 మీటర్లకు పైన. సెంటీమీటరుకు ఒక కుట్టు చొప్పున లెక్కేస్తే పాతిక వేల కుట్లు. కరెంటు లేదు, మిషను లేదు, ఒక పెద్ద సూది, లావు నూలు దారం. ఇంత మందం ఇంటి కుట్టుమిషనుకు కష్టం కూడా. ఆ పాతిక వేల కుట్లకు కూలి ఎంతని అడిగితే నలుగురూ నా ముఖం చూశారు. కూలి మాట ఎన్నడూ రాలేదట. ఈ రోజు ఈ ఇంటిది, రేపు ఇంకొకరిది. కుట్టించుకునే ఇంటివాళ్లు కాఫీ పెడతారు, మధ్యాహ్నం సంగటి పెడతారు.

పనిలో చూడ్డానికి కనబడని నేర్పు చాలా ఉంది. ముందు నేల ఊడ్చి, నీళ్లు చల్లి ఆరనిచ్చి, అడుగు చీర పరిచి నాలుగు మూలలా రాళ్లు పెడతారు. ప్రతి పొరనూ అరచేత్తో నడిమి నుంచి అంచులకు తోస్తారు. ఎక్కడా ముడత ఉండకూడదు. బాగా పలచబడిన గుడ్డ లోపలికి, గట్టిది పైకీ కిందికీ. చీర ముందు నడుమ చిరుగుతుంది, అంచులు చివరిదాకా నిలుస్తాయి. అందుకే చిరిగిన భాగం కోసేసి, అంచు ముక్కల్ని బొంతకు నాలుగు పక్కలా తిప్పుతారు. బొంత ముందుగా అరిగేది అక్కడే. తర్వాత జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద కుట్లు వేసి పొరలన్నిటినీ తాత్కాలికంగా పట్టిస్తారు. ఈ పని ఎగ్గొట్టి నేరుగా వరసలు కుడితే పై గుడ్డ కొద్దికొద్దిగా జరిగి, చివరికి నడుమ ఉబ్బు లేస్తుంది. ఆపై అసలు కుట్టు. నలుగురూ ఎవరి అంచు నుంచి వాళ్లు మొదలుపెట్టి నడిమికి వస్తారు. ఎవరి చేతి కుట్టు ఎలా ఉంటుందో మిగతా ముగ్గురికీ తెలుసు. ఎప్పటిదో పాత బొంత చూపించి ఈ వరస ఎవరిదంటే చెప్పగలరు.

పాలిస్టర్ చీరలు ఇన్ని వస్తున్నాయి కదా, అవి ఎందుకు వేయరని అడిగాను.

"వేస్తే జారతాది. సూది పోటు దగ్గర చీలతాది. సలికి కప్పుకుంటే ఒంటికి అంటదు, ఎండకు పరుచుకుంటే సెమట తాగదు. బొంతకు నూలే కావల్ల. నూలు చీర ఎవురు కడతాండారు ఇబ్బుడు?"

ఈ కథనంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. బొంత పోతోందంటే, పిల్లలకు ఓపిక లేక, ఫోన్లు వచ్చి అని తేలిగ్గా అంటారు. బొంతకు ముడిసరుకు పాత నూలు చీర. పొలానికి, ఇంటి పనికి కట్టుకునే చీరలు ఒకప్పుడు నూలువి. ఇప్పుడు సంతలో తక్కువ ధరకు దొరికేది పాలిస్టర్ చీర. అది ఉతికితే వెంటనే ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, ఏళ్ల తరబడి చినగదు. కూలి పనికి పోయే మనిషి దాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది పాతబడినా మెత్తబడదు. నూలు గుడ్డ ఉతికే కొద్దీ మెత్తనవుతుంది. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ వద్దని, అవ్వ చీర చింపి పొత్తిళ్లు చేసేది ఆ మెత్తదనం కోసమే. నలుగురి ముందూ ఉన్న బొంతలో మగవాళ్ల పంచె, లుంగీలు చేరడానికి కారణం, ఇంట్లో ఇంకా నూలుగా మిగిలినవి అవే.

ఈ ప్రాంతం చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. 1800లో నిజాం వదులుకోగా ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన నేల ఇది. 1876లో మొదలైన ధాత కరువు ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు, 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లాను మళ్లీ రెండు చేసి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పరిచారు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య వానలు ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ వానను నమ్ముకుని చెనక్కాయ వేస్తారు. పంట పోయిన ఏడాది జనం బెంగళూరుకో కేరళకో పోతారు.

పోయేటప్పుడు మూటలో బియ్యం, రెండు గిన్నెలు, ఒక బొంత. కట్టే భవనం పక్కన రేకుల షెడ్డులో అదే పరుపు, అదే దుప్పటి, పగలు పిల్లవాడికి ఉయ్యాల, ఎండ పడే వైపు తెర. కంబళి కొనాలి, బొంతకు దారం ఖర్చు చాలు. సముద్రమట్టానికి ఆరొందల మీటర్ల పైన ఉన్న హిందూపురం, మడకశిర వైపు మార్గశిర పుష్యాల్లో తెల్లవారుజామున బొంత విడిచి లేవడం కష్టం. ఉతకడం మాత్రం ఇక్కడ పెద్ద సమస్య. తడిసిన బొంతను పిండడానికి ఇద్దరు కావాలి, నీళ్లు బిందెలకు బిందెలు తాగుతుంది. నీళ్లు లేని ఏడాది బొంతను ఉతకరు, ఎండలో బండ మీద పరిచి కర్రతో దులుపుతారు.

వ్యర్థాలతో వస్తువుల పోటీలు ఇప్పుడు చాలా బడుల్లో పెడుతున్నారు. నాకు వాటి మీద అంత నమ్మకం లేదు. మంచి ప్లాస్టిక్ చెంచాలు కొని, జిగురు తుపాకీ కొని, మెరుపు కాగితం కొని చేసిన అద్దం చట్రం పోటీ అయ్యాక చెత్తబుట్టలోకే చేరుతుంది. పాతదాన్ని వాడామా లేదా అన్నదానికంటే, చేసిన వస్తువు ఇంట్లో ఎన్నేళ్లు పనికొస్తుందన్నది అడగాలి. పిల్లలకు నేర్పించాలనుకుంటే చంటిబిడ్డ బొంతతో మొదలుపెట్టించండి. రెండు పాత నూలు చీరలు చాలు. ఒక మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, నాలుగు పొరలు. అంచులు లోపలికి మడిచి చుట్టూ కుట్టాలి, పెద్ద కుట్లతో పొరల్ని పట్టించాలి, ఆపై అంగుళానికొక వరస. పరుగు కుట్టు ఒక్కటి వస్తే సరిపోతుంది. ముడి పైకి కనబడకుండా పొరల మధ్యకు లాగేయాలి, లేకపోతే బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. మూడు వేల కుట్లంత పని. పదేళ్ల పిల్ల పక్కన అవ్వ కూర్చుంటే సెలవుల్లో తేలిగ్గా పూర్తవుతుంది.

నూలు చీరలు దొరకని ఇళ్లకు ఈ జిల్లాలోనే ఒక దారి ఉంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే పని విస్తారంగా సాగుతుంది, కత్తిరింపుల్లో గుడ్డ ముక్కలు మిగులుతాయి. జీన్స్ గుడ్డ ప్రధానంగా నూలే. మందం ఎక్కువ కాబట్టి లోపల ఒకే పొర వేసి, పైనా కిందా పలచటి పంచె గుడ్డ వేస్తే సూది దిగుతుంది. బరువుంటుంది, వెచ్చగా కూడా ఉంటుంది.

ఇలాంటి బొంతే అయిన బెంగాలీల కాంతా ఇప్పుడు మ్యూజియంలలో ఉంది, దుకాణాల్లో ఉంది. అదీ పాత చీరల పొరలే, అదీ పరుగు కుట్టే. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది స్త్రీలు కుట్టే కవండి అనే బొంత ప్రదర్శనలకు వెళ్తోంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసులైన స్త్రీలు చినిగిన పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు వేశారు. అనంతపురం బొంత అలా ఏ గోడ మీదికైనా ఎక్కిందని నేను వినలేదు. ఎక్కాలని నా కోరిక. కనీసం జిల్లా మ్యూజియంలో ఒకటి పరిచి, ఏ పొర ఎవరిదో కుట్టినవాళ్ల నోటితోనే చెప్పించి రాసిపెట్టాలి.

బాక్సు: మెంతులు, చింతగింజలు, పాత పేపర్లు

కాగితపు బుట్టకు పాత పేపర్లు చించి రెండు మూడు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి. గుప్పెడు మెంతులు విడిగా నానబెట్టి, పిండిన కాగితంతో కలిపి రుబ్బండి. మెంతుల బంక పట్టు ఇస్తుంది, చేదుకు పురుగు రాదు. బోర్లించిన బిందె మీద తడిగుడ్డ కప్పి, గుజ్జును అరంగుళం మందాన అద్దండి. మొదటి రోజు నీడన, తర్వాత ఎండన ఆరబెడితే పగుళ్లు రావు. ఊడదీశాక లోపలా బయటా ఇంకో పూత, అంచుకు గుడ్డ పీలిక. పైన జాజు పూస్తే అందం. ఎండుమిరపకాయలకూ పప్పులకూ బాగుంటుంది, తడివాటికి పనికిరాదు.

హిందూపురం చింతపండు మార్కెట్టు పేరున్నది, కాబట్టి ఆ ప్రాంతంలో చింతగింజలకు కొదవ లేదు. వేయించి, పొట్టు తీసి, పిండి చేసి, నీళ్లలో ఉడికిస్తే మంచి జిగురు. అనంతపురం జిల్లాలో కాగితపు గుజ్జు పని అమ్మకం దాకా కూడా వెళ్లింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఇక్కడ మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ వైకల్యం ఉన్న మహిళలకు నేర్పిన చేతిపనుల్లో కాగితపు గుజ్జు, జనపనార వస్తువులు ఉన్నాయి. అవి స్పెయిన్ దాకా వెళ్లాయి.

బాక్సు: నిమ్మలకుంట

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. ఆట చూసేవాళ్లు తగ్గాక మేకతోలు మీద అదే చిల్లుల పని, అదే రంగులతో దీపాల గొడుగులు చేయడం నేర్చారు. మిగిలిన తోలు ముక్కలు పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులవుతాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తోలు శుభ్రం చేయడం ఇంట్లో ప్రయత్నించేది కాదు. చిల్లుల పని నచ్చితే పాత అట్ట మీద చేసి చూడండి, వెనక దీపం పెడితే బొమ్మ కనిపిస్తుంది.

బాక్సు: సంచులతో జాగ్రత్త

యూరియా సంచిని వాడే ముందు నాలుగైదు సార్లు బాగా ఉతకాలి. ఆ నీళ్లు పశువుల తొట్టిలో పడకూడదు. విప్పిన సంచులు కలిపి కుడితే చెనక్కాయలు ఆరబోసే పట్ట అవుతుంది, పోగులు పేనితే తాడవుతుంది. ఎండలో ఎక్కువ కాలం ఉంటే పొడిపొడిగా రాలుతుంది కాబట్టి తిండి గింజలు నిల్వ చేయడానికి వద్దు. పురుగుమందుల డబ్బాలు, సీసాలు ఎంత కడిగినా దేనికీ వాడకండి, పిల్లల చేతికి ఆటబొమ్మలుగా అసలే ఇవ్వకండి.