గోడ కింద పారే వాగు

అరిజోనాలోని టూసాన్ నుంచి దక్షిణంగా వెళ్లే ఇంటర్‌స్టేట్ 19 రహదారికి ఒక చిత్రమైన లక్షణం ఉంది. అమెరికా అంతటా దూరాలు మైళ్లలో రాస్తే, ఈ రోడ్డు పొడవునా బోర్డుల మీద కిలోమీటర్లే కనిపిస్తాయి. సుమారు వంద కిలోమీటర్లు వెళ్లాక రోడ్డు అయిపోతుంది. అమెరికా కూడా అక్కడితో అయిపోతుంది. ఎదురుగా తుప్పు రంగు ఉక్కు కంబాలు వరుసగా కొండ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి కనుచూపు మేర సాగిపోతుంటాయి. కంబాలకు ఇటున్న ఊరు నోగాలెస్. అటున్న ఊరి పేరూ నోగాలెసే.

స్పానిష్‌లో ఆ మాటకు అక్రోటు చెట్లని అర్థం. ఇటువైపు జనం ఇరవై వేలు, అటువైపు రెండున్నర లక్షల పైచిలుకు. స్థానికులు రెంటినీ కలిపి ‘ఆంబోస్ నోగాలెస్’ అంటారు, అంటే రెండు నోగాలెస్‌లూ అని. చుట్టాలు అటూ ఇటూ ఉంటారు. పంటి వైద్యానికీ, మందులకూ అమెరికా వాళ్లు అటు నడిచి వెళితే, బట్టలకూ సరుకులకూ మెక్సికో వాళ్లు ఇటు మోర్లీ అవెన్యూ దుకాణాలకు వస్తారు. కరోనా కాలంలో 2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా ఆ రాకపోకలు ఆగిపోయినప్పుడు మోర్లీ అవెన్యూ వెలవెలబోయింది.

ఇక్కడ గీత ముందు పుట్టింది, ఊరు తర్వాత పుట్టింది. 1853లో కుదిరిన ఒప్పందంతో అమెరికా కోటి డాలర్లిచ్చి మెక్సికో దగ్గర సుమారు 30 వేల చదరపు మైళ్ల నేల కొన్నది. ముఖ్యంగా రైలు మార్గం కోసమే ఆ కొనుగోలు. 1882లో రెండు దేశాల పట్టాలూ ఇక్కడే కలిశాయి, ఆ పట్టాల చుట్టూ ఊరు లేచింది. తొలినాళ్లలో సరిహద్దు రాయి పక్కనే ఒక సారా కొట్టు ఉండేది. తాగినవాడు తూలితే పరదేశంలో పడేవాడన్నమాట! దొంగ సరుకు పెరిగిపోతోందని 1897లో అధ్యక్షుడు మెకిన్లీ గీతకు ఇటు 60 అడుగుల మేర కట్టడాలేవీ ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చాడు.

రెండు ఊళ్ల మధ్య శాశ్వతంగా కంచె పడటానికి కారణం వలసలు కావు, ఒక మూట. 1918 ఆగస్టు 27 సాయంత్రం ఒక వడ్రంగి మూట పట్టుకుని అమెరికా వైపు నుంచి ఇంటికి నడుస్తున్నాడు. ఇటు కస్టమ్స్ వాళ్లు ఆగమన్నారు, అటు వాళ్లు రమ్మన్నారు. ఎవరి మాట వినాలో తెలియక అతను మధ్యలో నిలబడిపోయాడు. ఇంతలో తుపాకీ పేలింది. గంటల తరబడి రెండు ఊళ్లూ ఒకదాన్నొకటి కాల్చుకున్నాయి. చేతికర్రకు తెల్లగుడ్డ కట్టి ఊపుతూ శాంతించమని వేడుకున్న మెక్సికో వైపు మేయరు ఫెలిక్స్ పెన్యలోసా ఆ కాల్పుల్లోనే చనిపోయాడు. ఆ తర్వాత ఇరుపక్షాలూ ఒప్పుకుని కంచె వేసుకున్నాయి.

దశాబ్దాల పాటు అది గొలుసుల కంచె. చిరిగితే కుట్టేవారు, మళ్లీ చిరిగేది. 1990ల మధ్యలో దాన్ని తీసేసి, హెలికాప్టర్లు దిగడానికి వియత్నాం యుద్ధకాలంలో నేల మీద పరిచిన ఇనుప పలకలను తెచ్చి నిలబెట్టారు. 2011లో అవీ పోయి ఇప్పటి కంబాలు వచ్చాయి. లోపల కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టాలవి. ఎత్తు చోటును బట్టి 18 నుంచి 30 అడుగులు. మధ్య సందు నాలుగంగుళాలు. ఆ సందులోంచే ఇటు మనవడి వేళ్లు అటు నానమ్మ పట్టుకునేది. తర్వాత కింది భాగానికి జాలీ బిగించారు. 2012లో ఈ కంబాల సందులోంచే ఒక అమెరికన్ గస్తీ ఉద్యోగి మెక్సికో వీధిలో ఉన్న పదహారేళ్ల కుర్రాడిని కాల్చి చంపాడు. రాళ్లు రువ్వుతున్నారన్నది అతని వాదన. 2018లో జరిగిన రెండు విచారణల్లోనూ జ్యూరీ అతన్ని దోషిగా తేల్చలేదు. ఆ ఏడాది చివర్లో గోడకు చుట్టలు చుట్టలుగా బ్లేడు తీగ తగిలించారు. మరుసటి ఫిబ్రవరికి అది నేల దాకా ఆరు వరుసలైంది. పిల్లలు తిరిగే వీధుల్లో ఇదేం యుద్ధభూమి అంటూ అమెరికా వైపు నగరపాలక మండలే దాన్ని తప్పుపడుతూ తీర్మానం చేసింది.

సరే, ఇంత చేశాక వలసలు ఆగాయా?

గోడను సమర్థించే వాళ్ల వాదనలో బలమైన ముక్క ఒకటుంది, దాన్ని తీసిపారేయలేం. ఊరి మధ్యలో గీత దాటినవాడు నిమిషాల్లో ఇళ్ల మధ్య కలిసిపోతాడు. గోడ ఉంటే గస్తీ వాళ్లకు ఆ కాసిన్ని నిమిషాలు చిక్కుతాయి. కాలిఫోర్నియా సరిహద్దులోని శాన్ డియేగోలో అదే జరిగింది. 1992లో అక్కడ 5,65,000 సార్లు పట్టుకున్నారు. కంచె, దీపాలు, కాపలా పెరిగాక 2000 నాటికి అది 1,51,000కు పడిపోయింది. గెలిచామనుకున్నారు. కానీ ఆ జనం ఎక్కడికి పోయినట్టు? నోగాలెస్ ఉన్న టూసాన్ గస్తీ సెక్టారు లెక్క తీస్తే తెలుస్తుంది. 1994లో 1,39,000 ఉన్నది 2000లో 6,16,000 అయింది.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. 1994 నాటి సరిహద్దు గస్తీ ప్రణాళికలోనే ఊళ్లను మూసేస్తే మిగిలినదాన్ని ఎడారి చూసుకుంటుందన్న లెక్క ఉంది. ఎడారి చూసుకుంది. కొయోటేలు, అంటే డబ్బు తీసుకుని దాటించే దళారులు, రేటు పెంచి దారిని ఊళ్లకు దూరంగా మళ్లించారు. దక్షిణ అరిజోనా ఎడారిలో 2000 నుంచి నాలుగు వేల మందికి పైగా అవశేషాలు దొరికాయి. 2019 జూన్‌లో నోగాలెస్‌కు పడమరగా లూక్‌విల్ దగ్గర 42 డిగ్రీల ఎండలో చనిపోయిన ఆరేళ్ల పాపది మన దేశమే. తల్లి నీళ్లు వెతుక్కుంటూ వెళ్లిందట.

ఇంకో ఊరి లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే గోడ గురించి వాదించే ఇద్దరికీ అది గొంతులో వెలక్కాయే. అరిజోనా పడమటి కొసన యూమా ఉంది. అక్కడ 2005లో 1,38,000 మంది పట్టుబడ్డారు. కంచె వేసి, గస్తీని పెంచాక 2008లో ఎనిమిది వేలు. గోడ పనిచేస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ 2022లో అదే యూమాలో 3,10,000 మంది పట్టుబడ్డారు, అప్పటికి గోడ ఇంకా ఎత్తయింది కూడా. ఈసారి వచ్చినవాళ్లు దాక్కోలేదు. గోడ ఆగిపోయిన చోట నడిచొచ్చి, గస్తీ వాళ్ల కోసం కూర్చుని, ఆశ్రయం కావాలని చేతులెత్తారు. పారిపోయేవాణ్ని ఆపడానికి కట్టిన గోడ లొంగిపోవడానికి వచ్చినవాణ్ని ఏం చేస్తుంది?

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని మనకు సామెత. అరిజోనా గవర్నరుగా ఉన్న రోజుల్లో జానెట్ నపోలిటానో కూడా ఇంచుమించు ఆ మాటే అంది: యాభై అడుగుల గోడ కడితే యాభై ఒక్క అడుగుల నిచ్చెన వస్తుందని. నోగాలెస్‌లో నిచ్చెనతో సరిపెట్టుకోలేదు, భూమిలోకి దిగారు. 1990ల నుంచి ఇక్కడ బయటపడిన సొరంగాలు వందకు పైనే. ఇంటర్నేషనల్ స్ట్రీట్‌లో కార్లు నిలుపుకునే చోట రోడ్డు కింద దాకా తవ్వుకొచ్చి, పైన అడుగు కోసిన వ్యాను ఆపి, పార్కింగ్ మీటరులో నాణెం వేసి, కింది నుంచి సరుకు పైకి అందుకునేవారు. చివరికి ఊరివాళ్లు ఆ మీటర్లే పీకేయాల్సి వచ్చింది.

గోడ చేసిన మరో పనిని జనం అంతగా గమనించలేదు. ఒకప్పుడు మెక్సికో కూలీ కోతల కాలంలో వచ్చి, పండక్కి ఇంటికి పోయేవాడు. మన పాలమూరు కూలీ బొంబాయికి పోయొచ్చినట్టే. దాటడం ప్రాణాంతకమూ ఖరీదూ అయ్యాక, వచ్చినవాడు తిరిగి వెళ్లడం మానేసి భార్యాపిల్లలను రప్పించుకున్నాడు. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు డగ్లస్ మాసీ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. 1990లో సుమారు 35 లక్షలున్న అనుమతి లేని వలసదారులు 2007కు 122 లక్షలయ్యారు. లోపలికి రాకుండా కట్టిన కంచె బయటికి పోకుండా కట్టినట్టయింది.

పైగా ఆ లెక్కలో పెద్ద భాగం గోడను చూడనేలేదు. 2010 తర్వాత చాలా ఏళ్లలో కొత్తగా అక్రమ నివాసులైన వారిలో సగానికి పైగా సక్రమంగా వీసాతో దిగి, గడువు దాటినా ఉండిపోయినవాళ్లే. మన తెలుగువాళ్ల కథ ఈ కోవలోది. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం కేసులో మూతబడినప్పుడు కాళ్లకు రేడియో పట్టీలు తగిలించింది మన పిల్లలకే. 2019 జనవరిలో మిషిగన్‌లో అమెరికా అధికారులే ఎరగా నడిపిన ఫార్మింగ్టన్ నకిలీ విశ్వవిద్యాలయం కేసులో అరెస్టయిన విద్యార్థుల్లోనూ తెలుగువాళ్లే ఎక్కువ. వీళ్లలో ఎవరూ గోడ దూకలేదు. విమానం దిగి, వరుసలో నిలబడి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని వెళ్లారు. ‘డంకీ’ దారిన, అంటే దళారుల ద్వారా దొంగచాటుగా, పోయే పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లను కలుపుకుంటే 2023 ఆర్థిక సంవత్సరంలో అమెరికా సరిహద్దుల్లో అధికారులకు ఎదురుపడ్డ భారతీయులు సుమారు 97 వేలు. అందులో ముప్పై వేల మంది కెనడా వైపు. అక్కడ గోడే లేదు.

మొత్తం దక్షిణ సరిహద్దు మీద 2023 డిసెంబరులో గస్తీకి పట్టుబడినవారు రెండున్నర లక్షలు. 2025 మార్చిలో ఏడు వేల పైచిలుకు. ఆ పదిహేను నెలల్లో గోడ పెద్దగా పెరిగింది లేదు. మెక్సికో తన వైపు పట్టు బిగించింది, అమెరికా ఆశ్రయం తలుపు మూసింది. ఆ మూత న్యాయమా కాదా అన్నది వేరే తగవు. నా మటుకు నాకు గోడ తగవు అక్కడే తేలిపోయింది. ఊరి నడుమ దానికి కొంత పని ఉంది. వలసలను ఆపేది అదే అంటే మాత్రం నోగాలెస్ లెక్కలు ఒప్పుకోవు.

ఊరికి పడమర సరిహద్దు దాటే మారిపోసా గేటు దగ్గర చలికాలమంతా లారీలు బారులు తీరి ఉంటాయి. టమాటాలు, దోసకాయలు, మిరపకాయలు, మామిడిపళ్లు. అమెరికా శీతాకాలపు కూరగాయల్లో పెద్ద భాగం ఈ దారినే వస్తుంది. దొంగ సరుకూ గోడ దూకనక్కర్లేదు: 2019 జనవరిలో ఈ గేటులోనే దోసకాయల లారీ అడుగు పలక కింద 254 పౌన్ల ఫెంటనిల్ దొరికింది. ఆనాటికి ఆ మత్తుమందు అంత మోతాదులో సరిహద్దులో చిక్కడం అదే మొదలు.

నేల వాలు ఉత్తరానికి కాబట్టి నోగాలెస్ వాగు మెక్సికో నుంచి అమెరికాలోకి పారుతుంది, ఊరి నడుమ రోడ్ల కింది సొరంగాల గుండా. 2008లో మనుషులు రాకుండా అమెరికా గస్తీ వాళ్లు ఆ సొరంగంలో కాంక్రీటు అడ్డు కడితే, జూలై వానకు నీళ్లు ఎదురుతన్ని మెక్సికో వైపు బజారు మునిగింది. మెక్సికో వైపు మురుగునీరు కూడా ఈ గోడ కిందుగానే ఉత్తరానికి వచ్చి, ఇటు ఊరి మురుగుతో కలిసి, పదిహేను కిలోమీటర్ల అవతల రియో రీకోలో ఒకే శుద్ధి కేంద్రానికి చేరుతుంది. అందులో ఎక్కువ భాగం మెక్సికోదే.